మిరప బస్తాల గదిలో రెండుసార్లు మోగిన దెబ్బ

రికార్డింగు పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఏ మైకు కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని. ఏదైనా కొనండి, ఏదైనా వాడండి అంటాను. వాళ్లకు నచ్చదు. ఏదో ఒక కంపెనీ పేరు చెబితే రాసుకుని సంతోషంగా వెళ్లిపోదామని వస్తారు. నేనేమో భద్రయ్య సంగతి మొదలుపెడతాను. సగం మంది మధ్యలోనే ఫోన్ వచ్చిందని లేచిపోతారు. అందుకే రాసి పెడుతున్నాను. కాగితం ముందు నుంచి లేచిపోయినా నాకు తెలియదు కదా.

ఖమ్మంలో ముప్పై నాలుగేళ్లు ఈ పని చేసి నిరుడు మానేశాను. నా వృత్తిలో ప్రమోషన్లు లేవు, కాబట్టి వాటి గురించి రాయకుండా దాటేసే శ్రమ కూడా లేదు.

ఈ పని అంటే ఏమిటి

సినిమా పాటలు, పెద్ద గాయకులు అని ఊహించుకుని ఎవరైనా వస్తుంటే ఇప్పుడే చెబుతున్నాను. జిల్లాలో రికార్డింగు మనిషి పట్టేది జాతర పాటలు, ఎన్నికల పాటలు, మిరప విత్తనాల ఆటో ప్రకటనలు, పెద్దకర్మ రోజు వేయడానికి పోయినాయన గుణగణాల పాట. ఒకే రోజు పొద్దున ఒక పార్టీకి, మధ్యాహ్నం ఇంకో పార్టీకి ఒకటే బాణీలో పాట చేసి ఇచ్చాను. ఇద్దరూ బాణీ కొత్తగా ఉందన్నారు.

ఒకసారి ఒక రైతు తప్పిపోయిన గేదె కోసం ఆటో ప్రకటన చేయించాడు. ప్రకటన నేను చదువుతానంటే ఒప్పుకోలేదు. గేదె తన గొంతే గుర్తుపడుతుందట. పావుగంట సేపు ఆయన గేదెను పిలిచిన పిలుపు రికార్డు చేసి ఇచ్చాను. రెండు రోజులు ఆటో తిరిగింది. ఆయన గేదె రాలేదు కానీ వేరేవాళ్ల గేదెలు రెండు ఆటో వెంట పడి వచ్చాయి. దీని నుంచి నేర్చుకోవలసిన నీతి ఏమీ లేదు. ఈ పనిలో చాలా రోజులు ఇలాగే గడుస్తాయని చెప్పడానికే రాశాను.

యజమానుల విషయానికి వస్తే, తెలియదని ఒప్పుకునేవాళ్లతో పని సుఖంగా ఉంటుంది. తెలుసని అనుకునేవాళ్లతో కూడా సర్దుకోవచ్చు. తెలియకపోయినా ఉత్సాహంగా ఉండేవాళ్లతోనే చచ్చే చావు. నా చివరి యజమాని సత్యనారాయణ గారు ఆ మూడో రకం. మంచి మనిషి. ఇప్పటికీ పండుగకు ఫోన్ చేస్తారు.

రబ్బరు పళ్ళేలు

సత్యనారాయణ గారిది సత్తుపల్లి వైపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, పామాయిల్ తోటలున్నాయి. ఆయనకు పాటలు రాసే అలవాటు. అన్నీ పామాయిల్ మీదే. మొక్క నాటినప్పుడు పాడుకునే పాట, గెల కోసేటప్పటి పాట, లారీ వెళ్లిపోతుంటే గెలను సాగనంపే పాట. వినేవాళ్లు దొరక్క, ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో తన ఇంటి పైవాటాను స్టూడియోగా మార్చి నన్ను పెట్టుకున్నారు.

అది ఉద్యోగస్తుల కాలనీ. మొదటి రోజు మామూలు డ్రమ్ములు తెప్పించి కొట్టించాం. పది నిమిషాలు కాకముందే ఎదురింట్లో ట్యూషన్ చెప్పే లెక్కల టీచరమ్మ, ఆమె వెనుక ఇరవై మంది పిల్లలు గేటు దగ్గర నిలబడ్డారు. మర్నాడే డ్రమ్ములు వెనక్కి పోయి ఎలక్ట్రానిక్ డ్రమ్ములు వచ్చాయి.

చూడనివాళ్ల కోసం చెబుతాను. అవి రబ్బరు అతికించిన నల్లటి గుండ్రటి పళ్ళేలు. కర్రతో కొడితే బయటికి టపటపమని దుప్పటి దులిపినట్టు వినపడుతుంది, అంతే. పళ్ళెం కింద ఉన్న చిన్న బిళ్ళ అదిరి, వైరు గుండా పక్కనున్న డబ్బాకు దెబ్బ పడిందని చెబుతుంది. డ్రమ్ము శబ్దం పుట్టేది ఆ డబ్బాలో. అక్కడి నుంచి ఇంకో వైరులో ఆడియో కార్డుకు, కార్డు నుంచి కంప్యూటరుకు పోతుంది. వాయించేవాడు కార్డుకు హెడ్‌ఫోన్ తగిలించుకుని వింటాడు. గదిలో మిగిలినవాళ్లకు చెమటలు కక్కుతూ గాలిలో చేతులు విసిరే మనిషి ఒక్కడే కనిపిస్తాడు. టీచరమ్మ కిటికీలోంచి చూసి, ఆయనకేమైనా గాలి సోకిందా అని నన్ను పక్కకు పిలిచి అడిగింది.

ఆయన అంటే భద్రయ్య. చర్ల అవతల అడవి అంచున ఒక గూడెం ఆయనది. యాదగిరి అనే మేస్త్రి నడిపే పెళ్లి బ్యాండులో ఇరవై ఏళ్లకు పైగా డ్రమ్ము కొడుతున్నాడు. డీజే పెట్టెలు వచ్చాక పెళ్లిళ్లలో బ్యాండుకు పిలుపులు తగ్గాయి. అందుకని యాదగిరి ఒక ఉపాయం పన్నాడు. బ్యాండు దరువులు రికార్డు చేసి డీజేల చేతికిస్తే, పేరు పాకి తమనే పిలుస్తారని. సత్యనారాయణ గారికీ ఇది నచ్చింది. భద్రయ్య దరువులు కొడితే తన పామాయిల్ పాటలకూ వాడుకోవచ్చు.

యాదగిరికి ఒక బావమరిది ఉన్నాడు. వాణ్ని బ్యాండులో పెట్టమని భార్య పోరు. బ్యాండులో డ్రమ్ము ఒకటే. భద్రయ్య ఎప్పుడు తడబడతాడా అని ఆ ఇంట్లో ఎదురుచూపులు ఉన్నాయని భద్రయ్యకూ తెలుసు. ఖమ్మం వచ్చి కూర్చున్నప్పుడు ఆయన ముందున్నది నాలుగు దరువుల పని కాదు, బ్యాండులో ఆయన చోటు.

మైకు లేని గదిలో ఎకోకు వైద్యం

మొదటి రోజు, మొదటి దరువు. నేను పక్క గదిలో స్పీకర్ల ముందు. ఎనిమిది దెబ్బలు కొట్టి భద్రయ్య ఆపేశాడు.

"సారూ, ఒక్క దెబ్బ కొడితే రెండు ఇనవడుతున్నయ్," అన్నాడు.

స్పీకర్లలో నాకు ఒకటే వినపడింది. రికార్డయింది మళ్లీ వేసి చూశాను, అందులోనూ ఒకటే. ఒకటే ఉంది, కానివ్వమన్నాను. ఆయన మళ్లీ కొట్టాడు, మళ్లీ ఆగాడు. దెబ్బ పడ్డాక దాని వెనుకే ఇంకోటి పడుతోందని, ఏది తనదో తెలియడం లేదని చెప్పాడు. ఇంతలో సత్యనారాయణ గారు వచ్చి విని, ఇది గది లోపం, ఎకో అని తేల్చారు.

ఇక్కడ నా తప్పు మొదలవుతుంది. ముప్పై ఏళ్లు మైకులతో పనిచేసినవాణ్ని. ఎకో అన్న మాట వినగానే నా కళ్లు గోడల మీదికి పోయాయి. మైకు ఉన్న గదిలో గోడలు చూడాలి, నిజమే. కానీ ఆ గదిలో మైకు ఎక్కడుంది? శబ్దం పుట్టేది డబ్బాలో, నడిచేది వైరులో. గోడలకు దానితో ఏ సంబంధమూ లేదు. ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు. తట్టనివాడు నోరు మూసుకుంటే పోయేది, నేను తల ఊపాను.

ముందు గోడలకు బొంతలు కట్టాం. భద్రయ్య రెండే అన్నాడు. పరుపులు నిలబెట్టాం. రెండే అన్నాడు. అప్పుడు సత్యనారాయణ గారు మిరప యార్డులో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి ట్రాలీ ఆటో నిండా ఖాళీ బస్తాలు తెప్పించారు. ఉతికించి కడదామని నేనన్నాను. ఉతికితే గోనె పలచబడుతుంది, శబ్దం పీల్చదు అన్నారాయన. నాలుగు గోడలకూ, కప్పుకూ, తలుపుకూ బస్తాలు మేకులు కొట్టి బిగించాం.

పక్క గదిలో రికార్డింగు మొదలుపెట్టి వచ్చి, ముగ్గురం లోపలుండి తలుపు మూయగానే భద్రయ్య తుమ్మాడు. తర్వాత నేను, తర్వాత సత్యనారాయణ గారు. భద్రయ్య కళ్ల నీళ్లు ధారలు కడుతుంటే కొడుతూనే ఉన్నాడు, దరువు దరువుకూ ఒక తుమ్ము. ఆగి రికార్డయింది విన్నాం. ఒక్క తుమ్ము కూడా అందులో లేదు. మైకే లేనప్పుడు తుమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? అప్పుడైనా నా బుర్ర వెలిగి ఉండాలి. సత్యనారాయణ గారు మాత్రం చప్పట్లు కొట్టి, "చూశారా సీతారాములు గారూ, తుమ్ముల్ని కూడా పీల్చేశాయండి బస్తాలు," అన్నారు. నేను కూడా సంతోషించాను. సిగ్గు విడిచి రాస్తున్నాను, ముక్కు తుడుచుకుంటూ ఆయనతో చెయ్యి కలిపాను.

భద్రయ్య మాత్రం కళ్లు ఒత్తుకుంటూ, ఇంకా రెండే వినపడుతున్నాయి సారూ అన్నాడు.

నేను అన్న మాట

గది బాగైపోయింది కాబట్టి లోపం భద్రయ్య చెవుల్లో ఉండాలి. ఇది మా తర్కం. చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన అన్ని పరీక్షలూ చేసి రెండు చెవులూ భేషుగ్గా ఉన్నాయన్నాడు. చెవులు బాగుంటే మిగిలింది చెయ్యి.

మూడో రోజు యాదగిరి, బావమరిది, బ్యాండు మనుషులు దరువులు వినడానికి ఖమ్మం వచ్చారు. సత్యనారాయణ గారు, నేను, భద్రయ్య కాక ఏడుగురు గదిలో ఉన్నారు. స్క్రీను మీద నేను భద్రయ్య దెబ్బలు పెద్దవి చేసి చూపించాను. తాళం లెక్క చూపే నిలువు గీతల మీద పడాల్సిన దెబ్బలు కొన్ని ముందు, కొన్ని వెనుక పడి ఉన్నాయి. స్క్రీను చూస్తే నాకు ధైర్యం వస్తుంది. నాకే కాదు, ఈ పనిలో ఉన్న అందరికీ వస్తుంది. గీతలు కనపడగానే జడ్జీలమైపోతాం.

"భద్రన్నా, గది మంచిగుంది, చెవులు మంచిగున్నయ్. నీ చెయ్యి అయిపోయింది," అన్నాను.

ఆయన హెడ్‌ఫోన్ తీసి స్టాండుకు తగిలించాడు. కర్రలు పళ్ళెం మీద పెట్టి, చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. ఆ వారం నుంచే డ్రమ్ము బావమరిది భుజానికి ఎక్కింది. నా పని నేను నిజాయితీగా చేశానని ఆ రోజు రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మింగుడు పడదు.

బొత్తాం

ఆరు నెలల తర్వాత సత్యనారాయణ గారికి పాటల మీద మోజు తగ్గింది. బస్తాలు అంతకుముందే పీకేశాం. డ్రమ్ములు అమ్మేద్దామన్నారు. కొనేవాడు వచ్చేలోగా పళ్ళేలు తుడిచి, అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూద్దామని హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక దెబ్బ కొట్టాను.

రెండు వినపడ్డాయి.

వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా కొట్టారేమోనని. మళ్లీ కొట్టాను. మళ్లీ రెండు. ఆ హెడ్‌ఫోన్ నేను పెట్టుకోవడం అదే మొదటిసారి. మూడు రోజులు ఒక మనిషి నెత్తిన పెట్టి, నా నెత్తిన ఒక్క నిమిషం పెట్టుకోలేదు.

కారణం కనుక్కోవడానికి చాయ్ తాగినంత సేపు కూడా పట్టలేదు. ఆడియో కార్డు వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టే నేరుగా హెడ్‌ఫోన్‌కు ఇస్తోంది. అది ఒక దారి. అదే శబ్దం కంప్యూటరులోకి పోయి, సాఫ్ట్‌వేర్‌లో ఒక చుట్టు తిరిగి, కాస్త ఆలస్యంగా మళ్లీ హెడ్‌ఫోన్‌కు వస్తోంది. అది రెండో దారి. రెండు దార్లూ తెరిచి ఉంటే ఒక దెబ్బ రెండుసార్లు వినపడుతుంది. స్పీకర్లకు కంప్యూటరు దారి ఒక్కటే ఉంది, అందుకే పక్క గదిలో నాకు ఒకటే వినపడింది. రికార్డయ్యేది కూడా ఒకటే. రెండూ వినేది లోకంలో వాయించేవాడు ఒక్కడే. విని, ఏ దెబ్బను తాళానికి కలపాలో తెలియక, ఒకసారి రెండోదాన్ని అందుకోబోయి ముందు కొట్టాడు, ఒకసారి దానికోసం ఆగి వెనుక కొట్టాడు.

పిల్లలూ, ఇది రాసుకోండి. సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకు పక్కన స్పీకరు బొమ్మో చెవి బొమ్మో ఉన్న చిన్న బొత్తాం ఉంటుంది. దాన్ని ఆపేయండి, కార్డు నుంచి నేరుగా వచ్చేదే వినండి. లేకపోతే కార్డులో నేరుగా వచ్చే దారి మూసి, కంప్యూటరు దారి ఉంచండి. కాకపోతే అప్పుడు బఫరు, అంటే కంప్యూటరు శబ్దాన్ని పట్టి ఉంచుకునే వ్యవధి, బాగా తగ్గించాలి, లేకపోతే ఆలస్యం తెలుస్తుంది. ఏదో ఒకటి మూయాలి, అంతే. నేను బొత్తాం నొక్కాను. దెబ్బ కొట్టాను. ఒకటే వినపడింది. అక్కడే ఆ స్టూలు మీద కూర్చుండిపోయాను. కొనేవాడు వచ్చి గంట కొట్టినా లేవలేదు.

యాదగిరికి ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను. "అట్లనా అన్నా, మంచిది," అని పెట్టేశాడు. భద్రయ్య ఫోనుకు సిగ్నల్ లేదు. డ్రమ్ములు అమ్మవద్దని సత్యనారాయణ గారిని బతిమాలి, పళ్ళేలూ డబ్బా కార్డూ హెడ్‌ఫోనూ ల్యాప్‌టాపూ మూటకట్టుకుని చర్ల బస్సెక్కాను. ఆయన చేత కొట్టించి, ఒకటే వినిపించి, గీతల మీద దెబ్బలు చూపించాలని నా ఆలోచన.

వాయించేవాడికే వినపడే డ్రమ్ము

చర్ల దాటాక షేర్ ఆటోను పోలీసు క్యాంపు దగ్గర ఆపారు. నా మూట విప్పమన్నారు. నల్లటి గుండ్రటి పళ్ళేలు ఆరు, వాటికి వైర్లు, ఆ వైర్లన్నీ పోయి కలిసే ఒక డబ్బా. మందుపాతరల భయమున్న ఆ దారిలో అవి చూసి ఎవరికి ఏం గుర్తొస్తుందో నేను బస్సెక్కే ముందు ఆలోచించి ఉండాల్సింది. కానిస్టేబుల్ నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఆటోలో ఉన్నవాళ్లు నన్ను ఎరగనట్టు దిగి రోడ్డు అవతలికి పోయారు.

అధికారి వచ్చాడు. ఏమిటివి అని అడిగితే డ్రమ్ములు సార్ అన్నాను. కొట్టి చూపించమన్నాడు. కొట్టాను, టపటపమంది. డ్రమ్మయితే మోగదేమిటన్నాడు. మోగుతుంది సార్, హెడ్‌ఫోన్‌లో, వాయించేవాడికి వినపడుతుంది అన్నాను.

"వాయించేటోనికే ఇనవడే డ్రమ్ము ఎందుకయ్యా?" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ల అనుభవాన్నంతా కూడదీసుకుని, కరెంటు చూపిస్తే మీకూ వినిపిస్తాను సార్ అన్నాను.

క్యాంపు లోపల కరెంటు దగ్గర అన్నీ బిగించి చూపించమన్నారు. బిగించాను. అధికారి స్వయంగా హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక దెబ్బ కొట్టాడు. ఇంకోటి కొట్టాడు. మెల్లగా మొహం విచ్చుకుంది. పెళ్లి దరువు అందుకున్నాడు. సిబ్బంది వరుసగా నిలబడి, ఏ చప్పుడూ లేకుండా ఊగిపోతున్న తమ అధికారిని చూస్తూ ఉన్నారు. ఆయన ఆగాక, రెండుసార్లు వినపడుతోందా సార్ అని భయం భయంగా అడిగాను. ఎందుకు రెండుసార్లు వినపడాలె అని గద్దించాడు. అంత మంచి సర్టిఫికెట్ నాకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు.

కానీ సామాను పైకి పోనివ్వనన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు తీసుకపొమ్మన్నాడు. కాగితం మీద రాయించుకుని వదిలేశాడు. ఏ రుజువూ లేకుండా, ఒట్టి చేతులతో భద్రయ్య గూడేనికి నడిచాను.

మంచె

ఇంట్లో లేడు, జొన్న చేను కావలికి పోయాడని ఆయన భార్య చెప్పింది. చేను కనపడకముందే రేకు డబ్బా చప్పుడు వినపడింది. మంచె మీద కూర్చుని భద్రయ్య నూనె డబ్బా కొడుతున్నాడు, చిలకలు వాలకుండా. నేను చెట్టు చాటున ఆగి విన్నాను. ఆకాశంలో చిలకలు లేవు. అవి పోయి చాలా సేపయినట్టుంది. ఆయన కొడుతూనే ఉన్నాడు. అదే దరువు, మా గదిలో కొట్టలేకపోయిన దరువు. తాళం ఆవగింజంత కూడా తప్పలేదు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఈసారి మిరప బస్తాలు లేవు.

నన్ను చూసి దిగి వచ్చాడు. మంచినీళ్లిచ్చాడు. ఒకే దెబ్బ రెండు దార్లలో రావడం గురించి, బొత్తాం గురించి అంతా చెప్పాను.

"అంటే రెండు ఇనవడ్డది నిజమే," అన్నాడు.

"నిజమే."

"మొదటి దినమే చెప్పిన."

"చెప్పినవు అన్నా. నేను నీ హెడ్‌ఫోన్ పెట్టుకొని చూడలే. తప్పు నాది."

ఆయన తన కుడి చెయ్యి చూసుకున్నాడు. "ఈ ఆర్నెల్లు నా చెయ్యిని నేను నమ్మలే సారూ. నీళ్ల బిందె ఎత్తుకునేటప్పుడు గూడ భయమే, జారి పడతదేమోనని. మా ఆమె సూస్తదని ఎడమ చేత్తోని పట్టుకున్న," అన్నాడు.

క్షమించమన్నాను. "ఈడ చిలకల ముంగట చెప్తే ఏం ఫాయిదా? ఆడ ఏడుగురి ముంగట అన్నవ్. నలుగుర్ల అన్న మాట నలుగుర్లనే ఎనుకకు తీసుకోవాలె," అన్నాడు. ఎల్లుండి చర్లలో ఒక పెళ్లి ఉందని, యాదగిరి బ్యాండే వస్తోందని చెప్పాడు. ఆ రెండు రోజులూ వాళ్లింట్లోనే ఉన్నాను. చిలకలు తోలడంలో నాకేమీ ప్రతిభ లేదని తేలింది.

చదివింపులు

భద్రయ్యతో కలిసి పెళ్లికి పోయి, పందిట్లో యాదగిరిని పట్టుకుని విషయం మళ్లీ చెప్పాను. ఫోన్లో చెప్పినవు గదన్నా, ఇప్పుడు పెళ్లిల పంచాయితీ ఎందుకు అని తప్పించుకోబోయాడు. అందరికీ వినపడేలా చెప్పే చోటు కోసం చూస్తే మైకు ఒకటే కనపడింది, చదివింపుల బల్ల దగ్గర. బంధువులు ఇచ్చిన కానుకలు ఒకాయన పుస్తకంలో రాస్తుంటే, ఇంకొకాయన మైకులో చదువుతున్నాడు.

వరుసలో నిలబడ్డాను. నా ముందు ఒకాయన సీలింగు ఫ్యాను చదివించాడు. నా వంతు వచ్చింది. రాసేవాడు తల ఎత్తకుండా, పిల్ల తరఫా పిలగాని తరఫా అని అడిగాడు. భద్రయ్య తరఫున అన్నాను. ఏం చదివిస్తున్రు అన్నాడు. ఒక మాట అన్నాను. అతను పుస్తకంలో గళ్లు చూసుకున్నాడు, మాటకు గడి లేదు. వెనుక వరుస పెరుగుతోంది, ఒకామె ఇత్తడి బిందె మోయలేక తొందర పెడుతోంది. విసుగు పుట్టి మైకు నా చేతికిచ్చారు.

"నేను ఖమ్మంలో రికార్డింగు చేసే సీతారాములును. ఆరు నెలల కింద ఏడుగురి ముందు భద్రయ్య చెయ్యి అయిపోయిందని అన్నాను. చెయ్యి అయిపోలేదు. ఒక బొత్తాం నొక్కడం నేను మరిచిపోయాను. ఆయన చెప్పింది నిజం, నేను చెప్పింది తప్పు," అన్నాను.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదని మొహాలు చెబుతున్నాయి. మైకు మనిషి మాత్రం తడుముకోలేదు. మైకు లాక్కుని అలవాటు ప్రకారం, "ఖమ్మం వాస్తవ్యులు సీతారాములు గారు ఒక తప్పు చదివించారు, వారికి వధూవరుల తరఫున కృతజ్ఞతలు," అని చదివి, బిందె ఆమెను పిలిచాడు. రాసేవాడు ఫ్యాను కింద అదే రాసుకున్నాడు.

యాదగిరి ఇంకా గొణుగుతున్నాడు కానీ బావమరిదే ముందుకొచ్చి భుజం మీది పట్టీ విప్పాడు. ఆరు నెలల నుంచి భుజం పుండు పడి నిద్ర లేదట, అక్కకు భయపడి మోస్తున్నాడట. డ్రమ్మును భద్రయ్య మెడలో తనే వేసి, బట్ట సవరించి, దండం పెట్టి అన్నాలు పెట్టే వైపు పరుగెత్తాడు. భద్రయ్య పట్టీ బిగించుకుని నన్ను పిలిచాడు.

"బరాత్‌ల నా పక్కన నడువు సారూ. ఎవలన్న అడిగితే మళ్ల చెప్పు," అన్నాడు.

పొద్దు వాలుతుండగా ఊరేగింపు కదిలింది. భద్రయ్య కొడుతున్నాడు. నేను పక్కన నడుస్తున్నాను. భద్రయ్య మళ్ల వచ్చిండేందని ప్రతి వాకిట్లో ఎవరో ఒకరు అడుగుతున్నారు. నేను మొదటి నుంచి చెబుతున్నాను, పళ్ళేలు, రెండు దార్లు, బొత్తాం. కిరాణా కొట్టాయనకు చెప్పాను. పంక్చరు షాపులో ముగ్గురికి చెప్పాను. గుర్రం మీది పెళ్లికొడుకు వంగి అడిగితే అతనికీ చెప్పాను. ఊరు దాటేసరికి గొంతు బొంగురుపోయింది. చివరి ఇంటి అరుగు మీద ఒక ముసలమ్మ అంతా ఓపిగ్గా విని, అయితే తప్పు నీదేనా బిడ్డా అని అడిగింది. నాదేనమ్మా అన్నాను.

భద్రయ్య కొట్టడం ఆపలేదు, నా వైపు చూడలేదు.

"గట్టిగ చెప్పు సారూ," అన్నాడు. "డ్రమ్ముల ఇనవడలే."

గట్టిగా చెప్పాను.